వేడ్ దొర వేసిన స్పెల్లింగులు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సంఘం వారు అడిగారు. నాకు థామస్ ఫ్రాన్సిస్ వేడ్ గుర్తుకొచ్చారు. చైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన దొర.

1818లో లండనులో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగానే తండ్రి సైన్యంలో ఉద్యోగం కొనిపెట్టాడు. 1842లో నల్లమందు యుద్ధానికి పటాలంతో చైనా చేరారు. (ఆ యుద్ధం న్యాయమైనదని నేననను.) అక్కడే చైనా భాష పట్టుబడింది. హాంకాంగు కోర్టులో దుబాసీ అయ్యారు. మెట్టు మెట్టుగా ప్రమోషన్లు వచ్చి చివరకు బ్రిటిషు రాయబారి అయ్యారు.

1859లోను, 1867లోను ఆయన తెచ్చిన పుస్తకాలు పెకింగు ఉచ్చారణకు ఇంగ్లీషు స్పెల్లింగులు కట్టాయి. చైనావారికి త వేరు, థ వేరు. మనకు ఒత్తక్షరాలున్నాయి, ఇంగ్లీషుకు లేవు. అందుకని ఒత్తి పలికే చోట టి పక్కన, పైన ఒక చిన్న కామా పెట్టారు. తైవానులోని తైపే నిజానికి థైపెయ్. పత్రికలవారు, టైపిస్టులు ఆ కామా ఎగరగొట్టారు. నేనూ టైపు కొట్టినవాణ్ణే, తప్పు పట్టలేను.

పెకింగు స్పెల్లింగు కూడా ఆయనదే అంటారు కొందరు. అది పొరపాటు. అది పాత వాడుక, తపాలా వారు నిలబెట్టినది. వేడ్ లెక్కన పెయ్-చింగ్.

1883లో స్వదేశం చేరి, నాలుగు వేలకు పైగా చైనా పుస్తకాలు కేంబ్రిడ్జికి ఇచ్చేశారు. 1888లో, మనవాళ్ళు మనవలను ఆడించే వయసులో, అక్కడ తొలి చైనా భాషాచార్యులయ్యారు. 1895లో పోయారు. ఆయన పద్ధతిని సవరించి నిఘంటువు వేసిన హెర్బర్ట్ జైల్స్ తరువాత ఆ పదవికి వచ్చారు. అందుకే దానికి వేడ్-జైల్స్ అని పేరు.

1958లో చైనా తన సొంత పిన్‌యిన్ పద్ధతి ఆమోదించింది. 1979 నుంచి విదేశాలకు పంపే వార్తల్లోనూ అదే. నేను బడిలో చదివిన పెకింగు మా మనవరాలి అట్లాసులో బీజింగు. తైపే మాత్రం వేడ్ స్పెల్లింగుతోనే ఉంది, కామా లేకుండా.

ఇదంతా చదివాక మా ఆవిడ ఆధార్ కార్డూ, నా పెన్షను ఆర్డరూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిడ పేరు చివరి త కార్డులో టి హెచ్, ఆర్డరులో ఉత్త టి. నా తదనంతరం ఆ హెచ్ కోసం ఆవిడ కౌంటర్ల చుట్టూ తిరగాలి. సోమవారమే సవరణకు దరఖాస్తు పెట్టాను. మీరూ ఒకసారి బీరువా తీసి చూడండి.