7కి 7

సంక్రాంతి సెలవులకి మా ఊరు ఐ.పోలవరం వెళ్తూ లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లాను. మినీ ప్రాజెక్ట్ డెడ్‌లైన్ దగ్గరపడింది మరి. టాపిక్ నేనే తీసుకున్నా. ఇండియా తరఫున టెస్టులు ఆడిన వాళ్లందరి లెక్కలూ తీసుకుని, ఒక ఫార్ములా పెట్టి, ఎవరు ఎంత గొప్పో ర్యాంకులిచ్చే ప్రోగ్రాం. అరుగు మీద కూర్చుని రన్ చేస్తుంటే తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. స్క్రీన్ మీద వచ్చిన పేర్లు చదివి వినిపించా. సచిన్, ద్రావిడ్, గవాస్కర్, మన లక్ష్మణ్, అజారుద్దీన్ అందరూ ఉన్నారు. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు, సీకే నాయుడు గారు ఎక్కడరా అని.

నాకు తెలిసింది సీకే నాయుడు ట్రోఫీ ఒక్కటే. అండర్-23 కుర్రాళ్లు ఆడేది. ఆ పేరు గల మనిషి గురించి ఎప్పుడూ చదవలేదు. ఆయన తెలుగువాడని కూడా నాకు తెలీదు.

లిస్టులో వెతికితే లేడు. కోడ్ చూస్తే కారణం దొరికింది. కనీసం 20 టెస్టులు ఆడినవాళ్లనే తీసుకోమని పైనే ఒక లైన్ రాశాను. సీకే ఆడింది 7. ఆ లైన్ తీసేసి మళ్లీ రన్ చేస్తే వచ్చాడు గానీ, బాగా అడుగున వచ్చాడు. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25, సెంచరీ ఒక్కటీ లేదు. 4 టెస్టులకి కెప్టెన్, ఒక్కటీ గెలవలేదు. ఇదీ సంగతి అని చెప్తే తాతయ్య నవ్వేసి, నీ కంప్యూటర్‌కి ఆయన గురించి ఎవరూ చెప్పలేదేమోలే అంటూ లోపలికి వెళ్లిపోయారు.

ఆ మాట కాస్త గుచ్చుకుంది. పండగ మూడు రోజులూ ప్రాజెక్ట్ పక్కన పెట్టి నాయుడి గురించే చదివాను.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టాడు. కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు లాయర్లు, వృత్తి కోసం వెళ్లి నాగపూర్‌లో స్థిరపడ్డారు. అప్పట్లో మన దేశంలో పెద్ద క్రికెట్ అంటే బొంబాయి టోర్నమెంటే. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు అని మతాల వారీగా, జాతుల వారీగా జట్లు ఉండేవి. 1916లో హిందువుల జట్టు తరఫున నాయుడు మొదటి పెద్ద మ్యాచ్ ఆడాడు. అవతల యూరోపియన్లు. మొదటి మూడు బంతులు ఆపాడు, నాలుగోది సిక్స్ కొట్టాడు. ఖాతా తెరిచిందే సిక్స్‌తో అన్నమాట. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చాడు. అక్కడి నుంచి ఇండోరే ఆయన ఊరు అయిపోయింది.

అసలు కథ 1926లో మొదలైంది. ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్‌గా ఇంగ్లాండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. బొంబాయి జింఖానాలో హిందువుల జట్టు మీద మ్యాచ్. నాయుడు 116 నిమిషాల్లో 153 కొట్టాడు. అందులో 11 సిక్సులు. మా ఊళ్లో కోతలయ్యాక చేలో కొబ్బరి మట్ట బ్యాటుతో ఆడేటప్పుడు పంట కాలువ దాటితే సిక్స్ అని రూల్. అలాంటి చోట కూడా ఒకడే 11 కొడితే బంతి వెతకలేక ఆట ఆపేస్తాం. ఇక్కడ బౌలింగ్ చేసింది ఇంగ్లాండ్ వాళ్లు, చూస్తున్నది వాళ్ల పాలనలో ఉన్న జనం. ఎంసీసీ వాళ్లే ఆయనకి వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు.

ఆ టూర్‌లో గిల్లిగన్ ఇక్కడి వాళ్లకి ఒక సలహా ఇచ్చాడు. సొంతంగా బోర్డు పెట్టుకుంటే మీరూ టెస్టులు ఆడొచ్చని. 1928లో బీసీసీఐ ఏర్పడింది. 1932లో ఇండియాకి మొదటి టెస్టు దొరికింది. ఇదంతా ఒక్క ఇన్నింగ్స్ వల్లే జరిగిందంటే అతిగా ఉంటుంది. కానీ వీళ్లు మాతో సమానంగా ఆడగలరు అని వాళ్లకి అనిపించడానికి ఆ 153 కన్నా పెద్ద రుజువు నాకు కనిపించలేదు.

1932లో ఇంగ్లాండ్ వెళ్లిన జట్టుకి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. వైస్ కెప్టెన్ లింబ్డీ యువరాజు. అప్పట్లో కెప్టెన్ అంటే రాజకుటుంబం వాడే ఉండాలని లెక్క. టెస్టు ముందు లింబ్డీకి దెబ్బ తగిలింది. తన ఆట అంతంత మాత్రమే అని ఒప్పుకుని పోర్‌బందర్ మహారాజు తనే తప్పుకున్నాడు. అలా జూన్ 25న లార్డ్స్‌లో ఇండియా మొదటి టెస్టుకి రాజు కాని ఒక తెలుగువాడు కెప్టెన్ అయ్యాడు. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైంది. ఆ చేత్తోనే బ్యాటింగ్ చేసి 40 కొట్టాడు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో అదే టాప్ స్కోర్. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ ఆ టూర్ మొత్తం మీద ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో నాయుడు 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు, 32 సిక్సులు కొట్టాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒక సిక్స్ పక్కనున్న రియా నది దాటి పడింది. ఆ నది అప్పట్లో రెండు కౌంటీలకి సరిహద్దు. అంటే బంతి ఒక కౌంటీలో బయల్దేరి ఇంకో కౌంటీలో దిగింది. 1933లో విజ్డెన్ ప్రకటించిన ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో నాయుడు ఒకడు.

1933-34లో ఇంగ్లాండ్ ఇక్కడికి వస్తే 3 టెస్టులకీ ఆయనే కెప్టెన్. రెండు ఓడాం, ఒకటి డ్రా. 1936లో మళ్లీ ఇంగ్లాండ్ టూర్. ఈసారి కెప్టెన్సీ విజయనగరం రాకుమారుడు విజ్జీకి వెళ్లింది. ఆయన 3 టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. నాయుడు ఆయన కింద మామూలు ఆటగాడిగా ఆడాడు. చివరి టెస్టు ఓవల్‌లో. ఆలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా క్రీజు వదలకుండా 81 కొట్టాడు. టెస్టుల్లో అదే ఆయన ఎక్కువ స్కోర్, అదే ఆయన చివరి టెస్టు.

ఇక్కడ నాకు నా కోడ్‌లో తప్పు కనిపించింది. 1932లో 1, 1933-34లో 3, 1936లో 3. కలిపితే 7. ఆ ఐదేళ్లలో ఇండియా ఆడిన టెస్టులే 7. నాయుడు వాటిలో ఒక్కటీ వదల్లేదు. 7కి 7. మొదటి టెస్టు వచ్చేసరికే ఆయనకి 36 ఏళ్లు. ఆ తర్వాతి టెస్టు 1946లో గానీ రాలేదు, మధ్యలో ప్రపంచ యుద్ధం. ఇప్పటి వాళ్లకి 7 టెస్టులు ఒక్క ఏడాదిలో అయిపోతాయి. నేను ఆడనివి అనుకున్నవన్నీ అసలు జరగనే లేదు. డేటా లేకపోవడానికీ, డేటా సున్నా అవ్వడానికీ తేడా ఫస్టియర్‌లోనే చెప్పారు మనకి. పరీక్షలో రాశాను కూడా. మనిషి దగ్గరకొచ్చేసరికి మర్చిపోయా.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 అయ్యాడు. దాని మీద ఎవరూ వాదించక్కర్లేదు. అందరూ ఒకే కాలంలో అవే టోర్నమెంట్లు ఆడతారు, వారం వారం పాయింట్లు లెక్కేస్తారు. వందేళ్ల కిందటి వాళ్లకి ఆ పద్ధతి కుదరదు. వాళ్లకి ఎంత అవకాశం దొరికింది, దాంతో ఏం చేశారు అని చూడాలి.

అలా చూస్తే నాయుడి లెక్క ఇది. ఫస్ట్ క్లాస్‌లో 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. ఎక్కువ స్కోర్ 200, బరోడా మీద, 50 ఏళ్ల వయసులో. ఆయన ఉండగానే హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీ గెలిచింది. 1951-52 ఫైనల్లో దత్తు ఫడ్కర్ బౌన్సర్ మూతికి తగిలి పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీంచి బ్యాటుతో పక్కకి తోసేసి ఆట కొనసాగించాడు. అప్పటికి 56.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతిది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగింది. కెప్టెన్ ఎవరంటే 58 ఏళ్ల సీకే నాయుడు. నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో బతికిన మనిషి ఆ వయసులో మన జట్టుని నడిపించడానికి వచ్చాడు. ఇండియాకి మొదటి కెప్టెన్, ఆంధ్రకి మొదటి కెప్టెన్ ఒక్కడే. చివరి రంజీ మ్యాచ్ ఉత్తరప్రదేశ్ తరఫున 61 ఏళ్లప్పుడు ఆడాడు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో చనిపోయాడు.

మరి ర్యాంకు ఎంత? నిజాయితీగా చెప్తా. ఉత్త బ్యాటింగ్ చూస్తే ఆయన కాలంలోనే విజయ్ మర్చంట్ పైన ఉంటాడు. మర్చంట్ ఫస్ట్ క్లాస్ సగటు 71 దాటింది, నాయుడిది దాదాపు 36. టెస్టు బ్యాట్స్‌మన్‌గా లక్ష్మణ్, అజార్ పక్కన కూడా పెట్టలేం. తాతయ్యకి ఈ మాట నచ్చదు. కానీ ఇండియాకి టెస్టు ఆడే అర్హత ఉందని ఆటతో చూపించిన వాళ్లలో నేను ఆయన్నే మొదట పెడతాను. తెలుగు క్రికెటర్లలో కూడా ఆయనదే మొదటి స్థానం. లక్ష్మణ్ ఫ్యాన్స్ తిట్టుకోవచ్చు, నేనూ లక్ష్మణ్ ఫ్యానే.

కాలేజీకి వచ్చాక ప్రాజెక్ట్‌లో 20 టెస్టుల లైన్ తీసేశా. దాని బదులు ఇంకో కాలమ్ పెట్టా, ఆ మనిషి ఆడే రోజుల్లో దేశం మొత్తం ఎన్ని టెస్టులు ఆడింది అని. సీకే వరసలో 7, 7 అని పడింది. నూటికి నూరు శాతం. ఫార్ములా ఇంకా సరిగ్గా కుదరలేదు, వైవాలో దాని గురించే అడుగుతారని భయం కూడా ఉంది.

ఫ్రెండ్స్, వచ్చే ఏడాది మన పేర్లు కూడా ఏదో ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. పైన ఎవరో ఒక కటాఫ్ లైన్ రాస్తారు. డెంగ్యూతో ఒక సెమిస్టర్ పరీక్షలు పోగొట్టుకున్న నా రూమ్మేట్ ఆ లైన్ కిందే ఉండిపోతాడు. ఆ షీట్ మన చేతిలో లేదు. మనం రాసే కోడ్ మాత్రం మన చేతిలోనే ఉంది.

కొత్త లిస్టు ఫోన్‌లో తాతయ్యకి చదివి వినిపించా. నాయుడు గారి పేరు వచ్చేదాకా ఊరుకుని, అప్పుడు భోజనం చేశావా అని అడిగారు.