కాటయ వేమారెడ్డి

అలెగ్జాండరు చక్రవర్తి క్రీ. పూ. 323లో బాబిలోను నగరమున మరణించెను. ఆయన సేనాపతులు ఆయన గెలిచిన దేశములను తమలో తాము పంచుకొనిరి. వారిలో సెల్యూకసు అనువాడు పశ్చిమాసియాలో మహాసామ్రాజ్యమును స్థాపించెను. అలెగ్జాండరు కుమారుని మాత్రము కాపాడువారు లేకపోయిరి. ఆ బాలుడు హతుడయ్యెను. ప్రభువు పట్టు సడలినప్పుడు సేనాని ఏమి చేయవలెను? ఈ ప్రశ్న గోదావరీ తీరమున కూడ ఒకనాడు తలయెత్తెను. దానికి వేరొక విధముగా బదులు చెప్పినవాడు కాటయ వేమారెడ్డి.

కాకతీయ సామ్రాజ్యము 1323లో పతనమైన పిదప ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యమును నెలకొల్పెను. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. అనవోతుని కుమారుడైన కుమారగిరిరెడ్డి 1386లో సింహాసనమెక్కెను. ఆయన గొప్ప కళాప్రియుడు. ఏటేట వసంతోత్సవములు జరిపించి వసంతరాయడని పేరుపొందెను. ఆ వేడుకలకు వలయు కర్పూరమును, సుగంధద్రవ్యములను అవచి తిప్పయసెట్టి దూరదేశముల నుండి ఓడలపై తెప్పించెడివాడు. రాజు వసంతరాజీయమను నాట్యశాస్త్ర గ్రంథమును కూడ రచించెను. ఆటపాటల యందు మునిగిన రాజునకు రాజ్యవ్యవహారములపై మనసు నిలువలేదు.

ఆ భారమంతయు మంత్రియు సేనాపతియునైన కాటయ వేముని భుజములపై పడెను. ఆయన భార్య మల్లాంబ రాజునకు సోదరి. సైన్యము ఆయన చేతిలోనిది. రాచకార్యములు ఆయన మాటపై నడచుచుండెను. సింహాసనమును కోరదలచినచో అంతకుమించిన అదను లేదు. అయినను వేముడు ఆ తలపునకు చోటీయలేదు. రాజు పేరిట సేనలను నడిపి కళింగసీమలో విజయములు సాధించెను. తూర్పు దేశమునకు పాలకుడుగా రాజమహేంద్రవరమున ఉండిన రాజకుమారుడు 1395 ప్రాంతమున మరణించెను. అనంతరము కుమారగిరి తన సేనాని సేవకు మెచ్చి ఆ రాజ్యమును ఆయనకే ఇచ్చెను. కోనసీమలోని తొత్తరమూడిలో దొరకిన తామ్రశాసనము ఈ సంగతిని తెలుపుచున్నది. నేడు పూలమొక్కల పెంపకమునకు పేరుగన్న కడియము, భీమేశ్వరుడు వెలసిన ద్రాక్షారామము ఆ సీమలోనివే.

వేముడు కత్తిని మాత్రమే నమ్ముకొన్నవాడు కాడు. సంస్కృతమున గొప్ప పండితుడు. కాళిదాసుని మూడు నాటకములకును వ్యాఖ్యానము రచించెను. శాకుంతలమును చదువు పండితులు దానిని నేటికిని ఆదరింతురు. ఆ వ్యాఖ్యకు ఆయన తన పేరు పెట్టుకొనలేదు. కుమారగిరిరాజీయమని ప్రభువు పేరే పెట్టెను.

1402 ప్రాంతమున కొండవీటి సింహాసనము పెదకోమటి వేమారెడ్డి వశమయ్యెను. కాటయ వేముడు ఆయనకు తల వంచలేదు. రాజమహేంద్రవరము స్వతంత్ర రాజ్యమయ్యెను. రెడ్డి రాజ్యము రెండుగా చీలెను. ఒకే వంశవృక్షముతో బంధుత్వము గలవారు చిరకాలము తమలో తాము పోరాడిరి. వేముని స్వామిభక్తి సైతము ఈ కలహమును ఆపజాలలేదు. 1414 ప్రాంతమున ఆయన మరణించెను.

ఆయన కుమారుడు కూడ ఎంతో కాలము జీవింపలేదు. ఇక మిగిలినది కుమార్తె అనితల్లి. వేముని ప్రశ్నయే ఇప్పుడు ఆయన మిత్రుడును వీరుడునైన అల్లాడ రెడ్డికి ఎదురయ్యెను. శత్రువులు చుట్టుముట్టియున్నను అల్లాడ రెడ్డి అనితల్లి పక్షమున నిలిచి రాజ్యమును రక్షించెను. తన కుమారుడు వీరభద్రారెడ్డికి ఆమెనిచ్చి వివాహము చేసెను. 1423లో అనితల్లి వేయించిన కలువచేరు శాసనము కాకతీయుల పతనమును, అనంతరము తెలుగు నాయకులు సాగించిన పోరాటమును వివరించుచున్నది. ఆమె భర్తకే శ్రీనాథ మహాకవి కాశీఖండమును అంకితమిచ్చెను.

పదునైదవ శతాబ్ది నడుమ ఆ రాజ్యము గజపతుల పాలయ్యెను. కోటలు శిథిలమయ్యెను. కాళిదాసుని చదువువారి చేతిలో మాత్రము కుమారగిరి పేరు నేటికిని నిలిచియున్నది. దానిని అచ్చట నిలిపినవాడు ఆయన సింహాసనమును కోరని సేనాని.