ఘంటసాల గొంతులో ఆ ప్రాణం ఎక్కడిది?

టీవీలో పాటల పోటీలు చూస్తుంటారు కదా. శ్రుతి తప్పదు, తాళం తప్పదు, గమకాలూ బాగానే పలుకుతాయి. అయినా జడ్జి పెదవి విరిచి, పాటలో ప్రాణం లేదమ్మా అనేస్తారు. పాడిన అమ్మాయికి ఏం సరిదిద్దుకోవాలో తోచదు. మీరూ పాడేవాళ్లయితే ఈ మాట ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. ఆ ప్రాణం పుట్టుకతో రావాల్సిందేనా? ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితం చూస్తే, నేర్చుకుంటే వచ్చేదే అనిపిస్తుంది.

ఆయన 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్న కోరిక తీరకుండానే కన్నుమూశారు. కొన్నాళ్లకు ఆ కుర్రాడు వేలి ఉంగరం అమ్మేసి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం బయల్దేరాడు. తీరా వెళ్తే మహారాజా సంగీత కళాశాలకు వేసవి సెలవులు!

చేరదీసింది పట్రాయని సీతారామశాస్త్రి. ఆ కళాశాలలోనే అధ్యాపకులు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయనదీ కలిగిన ఇల్లేం కాదు. అందుకే శిష్యుడు భుజాన జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్లి మధుకరం ఎత్తేవాడు. ఒక పూట తిని మిగిలింది రెండో పూటకి దాచుకుంటే చీమలు పట్టేవట.

ఇన్ని కష్టాలు పడ్డారు కాబట్టే గొంతులో అంత ఆర్ద్రత అని చాలామంది రాస్తుంటారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రోజుల్లో వారాలు చేసుకుని, జోలె పట్టి చదువుకున్నవాళ్లు ఎందరో. వాళ్లందరూ ఘంటసాలలు కాలేదు. అసలు సంగతి గురువుగారి పద్ధతిలో ఉంది. స్వరంతో పాటు సాహిత్యానికీ అంతే విలువిచ్చిన విద్వాంసుడాయన. మాటలోని భావం పోగొట్టే సంగతి ఎంత గొప్పదైనా పక్కన పెట్టాల్సిందే. కళాశాల డిప్లొమా కన్నా ఈ పాఠమే తర్వాత ఎక్కువ పనికొచ్చింది.

మధ్యలో 1942 క్విట్ ఇండియా ఉద్యమం, బళ్లారి అల్లీపురం జైల్లో ఏడాదిన్నర. ఆ తర్వాత మద్రాసు. అక్కడా మొదట్లో పస్తులే, పానగల్ పార్కులో పడకే. సముద్రాల రాఘవాచార్య అండతో కోరస్ పాటలు, రేడియో... మెల్లగా నిలదొక్కుకున్నారు. ‘పాతాళ భైరవి’ (1951), ‘దేవదాసు’ (1953) నాటికి తెలుగువాళ్ల ఇళ్లలో మనిషైపోయారు.

పాటల సంగతి మీకు తెలుసు. నా మటుకు నాకు ఆయన పద్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది. అంతకు ముందు పద్యమంటే నాటకాల పద్ధతి. రాగం తీసి, ఇంకా తీసి, వన్స్‌మోర్ పడితే మళ్లీ తీయడమే. పద్యంలో కవి ఏమన్నాడో ఎవరికి పట్టింది? ఘంటసాల రాగాన్ని కురచ చేశారు. సమాసాన్ని ఎక్కడ విరిస్తే అర్థమవుతుందో అక్కడే విరిచారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ రికార్డు వినండి. కోయడానికి వచ్చిన మనిషిని పువ్వు బతిమాలుకుంటుంది. బడి మొహం చూడనివాళ్లు కూడా ఆ పద్యాలు అప్పజెప్పేవారంటే, ఛందస్సు వచ్చి కాదు, పువ్వు మాట్లాడుతున్నట్టే ఉండబట్టి.

సినిమాలోనూ అంతే. ఎన్టీఆర్‌కి పాడారా, ఏఎన్నార్‌కి పాడారా అన్నది కళ్లు మూసుకున్నా తెలిసిపోయేది. మాట ఎవరిదో తెలుసుకోకుండా ఆయన నోరు విప్పేవారు కాదేమో! గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు ఏళ్ల తరబడి ఆయన పక్కనే హార్మోనియంతో ఉన్నారు. అంటే విజయనగరం పాఠం మద్రాసులోనూ సాగిందన్నమాట.

చివరి రోజుల్లో చక్కెర వ్యాధి, గుండెజబ్బు. ఆ ఒంటితోనే భగవద్గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే వెళ్లిపోయారు. గీత రికార్డు విడుదలయ్యేసరికి ఆయన లేరు. ఇప్పుడది చావు ఇంటి దగ్గర పెట్టేదైపోయింది, మామూలు రోజున వినిపిస్తే పెద్దవాళ్లు కట్టేయమంటారు. మీరు మాత్రం ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. శ్లోకం అయ్యాక తాత్పర్యం వస్తుంది చూడండి, అక్కడ ఆయన పాడరు. తెలుగు వచనం, ఉత్త మాటలే. అది కూడా ఎంత బాగుంటుందో!