శ్రీవల్లభాచార్యుల జీవితము – పుష్టి, సేవ, సన్న్యాస శబ్దముల అర్థవిచారము

లోకవ్యవహారమున పుష్టి యనగా దేహబలము, సేవ యనగా కొలువు, సన్న్యాస మనగా కాషాయధారణము. ఈ మూడు మాటలకును వేదాంతమున విశేషార్థమును నిర్ణయించి, ఆ నిర్ణయమునకు తమ జీవితమునే వ్యాఖ్యానముగా నొనర్చిన మహనీయులు శ్రీవల్లభాచార్యులు. వ్రజభూమియందును, గుజరాతు రాజస్థానములయందును వారి నామము ఇంటింట వినబడును. వారు వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబమున బుట్టిన వారనుట మాత్రము తెలుగుదేశమున కొలదిమందికే తెలిసిన విషయము.

వీరి పూర్వులు కాంకరవాడ గ్రామవాసులు, భారద్వాజసగోత్రులు, కృష్ణయజుర్వేదమున తైత్తిరీయశాఖాధ్యాయులు. సోమయాగములు చేయుట ఆ వంశమునకు వ్రతము. యజ్ఞనారాయణభట్టు ఆరంభించిన ఆ పరంపరలో లక్ష్మణభట్టు నాటికి నూఱు సోమయాగములు పూర్తియయ్యె నని సంప్రదాయగ్రంథములు చెప్పుచున్నవి. లక్ష్మణభట్టును, ఆయన ధర్మపత్ని ఇల్లమ్మయు కాశియందుండగా పట్టణమునకు దండయాత్రాభయము కలిగెను. గర్భవతియగు ఇల్లమ్మతో లక్ష్మణభట్టు దక్షిణమునకు బయలుదేరెను. త్రోవలో చంపారణ్యమున నెలలు నిండకయే ప్రసవమయ్యెను. శిశువునందు చలనము కానరానందున దంపతులు దుఃఖముతో ఆ బిడ్డను శమీవృక్షము క్రింద ఆకులలో నుంచి ముందునకు సాగిరనియు, మరలి వచ్చి చూడగా బిడ్డ సజీవుడై యుండెననియు కథ. ఆ చంపారణ్యము నేడు ఛత్తీసుగఢు రాష్ట్రమున రాయపూరు మండలమునందున్నది. సంప్రదాయగణన ననుసరించి ఇది 1479వ సంవత్సరము వైశాఖ బహుళైకాదశి.

బాలుడు కాశియందు వేదవేదాంగములను, దర్శనములను అధ్యయనము చేసెను. బాల్యముననే పితృవియోగము సంభవించెను. పిమ్మట తల్లిని విజయనగరమున మేనమామ యింట నుంచి, పాదచారియై తీర్థయాత్రకు వెడలెను. ఇట్లు ముమ్మాఱు భారతదేశమును ప్రదక్షిణించిరనియు, ఆ యాత్రలలో శ్రీమద్భాగవతపారాయణము చేసిన స్థలములే బైఠకులుగా నేటికిని పూజింపబడుచున్నవనియు సాంప్రదాయికులు చెప్పుదురు. అట్టివి ఎనుబదినాలుగు.

విజయనగర రాజసభలో వల్లభులు బ్రహ్మవాదమును స్థాపించి కనకాభిషేకము నందిరనుట వారి చరిత్రమున ప్రసిద్ధఘట్టము. శ్రీకృష్ణదేవరాయల రాజ్యకాలము 1509 మొదలు 1529 వఱకు. సాంప్రదాయికగ్రంథములు ఈ సభకు చెప్పిన కాలములు పరస్పరము పొసగవు. కొన్ని గణనలు రాయల పట్టాభిషేకమునకు ముందే పడుచున్నవి. కాలనిర్ణయ మెట్లున్నను, వల్లభుల సిద్ధాంతము సుస్పష్టము. బ్రహ్మము సచ్చిదానందస్వరూపము. అది తన యిచ్ఛచేతనే జగత్తుగా ఆవిర్భవించును. జడమునందు సదంశము మాత్రము ప్రకటము, చిదానందములు తిరోహితములు. జీవునియందు సత్తును చిత్తును ప్రకటములు, ఆనందము తిరోహితము. కావున జీవుని వెలితి యంతయు ఆనందపు వెలితియే. సువర్ణము కుండలమైనను సువర్ణత్వమును కోల్పోనట్లు, బ్రహ్మము జగద్రూపమును దాల్చియు వికారము నొందదు. దీనినే అవికృతపరిణామ మందురు. మాయాసంబంధము లేని అద్వైత మగుటచే దీనికి శుద్ధాద్వైత మను పేరు ప్రసిద్ధమైనది.

ఇచ్చట ప్రపంచ సంసార శబ్దములకు వల్లభులు చేసిన భేదనిరూపణము మిక్కిలి ముఖ్యము. సామాన్యముగా ఈ రెంటిని పర్యాయపదములుగా వాడుదురు. వల్లభమతమున ప్రపంచము భగవత్కార్యము, సత్యము. సంసారము అవిద్యచే జీవుడు కల్పించుకొనిన అహంతామమతల సమూహము. జ్ఞానోదయమున నశించునది సంసారమే కాని ప్రపంచము కాదు. ఇల్లు బంధము కాదు, ఇల్లు నాదను బుద్ధి బంధము. ఈ భేదమును గ్రహింపనిచో వారి సేవామార్గమును గ్రహించుట పొసగదు. జగత్తు మిథ్య యైనచో అందలి అన్నవస్త్రములతో, పుష్పములతో, గానముతో భగవంతుని సేవించుటకు అర్థమే యుండదు కదా!

పుష్టిశబ్దమునకు మూలము శ్రీమద్భాగవతము. ఆ పురాణమునకు చెప్పిన దశలక్షణములలో పోషణము ఒకటి. ద్వితీయస్కంధమున దానికి భగవదనుగ్రహ మని అర్థము చెప్పబడినది. వల్లభులు దీనిని పట్టుకొని పుష్టిప్రవాహమర్యాదాభేద మను గ్రంథమున జీవులను మూడు విధములుగా విభజించిరి. లోకప్రవృత్తి వెంట కొట్టుకొనిపోవువారు ప్రవాహజీవులు. వేదవిహితమార్గమున క్రమముగా సాధన చేయువారు మర్యాదాజీవులు. సాధనబలముచే గాక కేవలానుగ్రహముచే భగవంతుని చేరువారు పుష్టిజీవులు. శరీరమునకు పుష్టి అన్నము వలన వచ్చునట్లు జీవునకు పుష్టి అనుగ్రహము వలన వచ్చునని భావము.

అనుగ్రహమే మార్గమైనచో అధికారనియమ మెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము గోకులమున లభించెనని సంప్రదాయము. దోషభూయిష్ఠులగు జీవులు నిర్దోషమగు బ్రహ్మముతో సంబంధము నెట్లు పొందగలరని చింతించుచున్న ఆచార్యులకు శ్రావణ శుక్లైకాదశినాటి అర్ధరాత్రమున భగవదాదేశము కలిగెను. ఆ వృత్తాంతమును వారు సిద్ధాంతరహస్య మను లఘుగ్రంథమున నిక్షేపించిరి. ఆత్మను, ఆత్మీయములను సర్వమును సమర్పించుటయే బ్రహ్మసంబంధము. దానివలన పంచవిధదోషములు బాధకములు కావు. నానావిధములగు నీరు గంగలో గలసి గంగయే యగునట్లు, సమర్పితమైన జీవుని గుణదోషములు వేఱుగా నిలువవు. ఈ దీక్షను మొదట నందినవాడు దామోదరదాసు. స్త్రీలకును, సర్వవర్ణములవారికిని ఈ ద్వారము తెఱవబడెను. సేద్యము చేసికొను కుంభనదాసు, గుజరాతునుండి వచ్చిన శూద్రుడు కృష్ణదాసు, సూరదాసు, పరమానందదాసు అను నలువురు భక్తకవులు వల్లభుల శిష్యులు. కృష్ణదాసు శ్రీనాథాలయమునకు అధికారియై వ్యవహారభారమును వహించెను.

గోవర్ధనగిరిపై వెలసిన శ్రీనాథమూర్తికి సేవాక్రమమును వల్లభులు ఏర్పఱచిరి. పూరణమల్లుడను వర్తకుడు ఆలయనిర్మాణమునకు ధనమిచ్చెను. పూజకును సేవకును భేదము కలదు. పూజ విధిప్రధానము, సేవ స్నేహప్రధానము. తల్లి బిడ్డ ఆకలిని, చలిని, వేడిమిని గమనించునట్లు భగవంతుని సౌఖ్యమును గమనించుట సేవ. శరీరముతో చేయునది తనుజసేవ, ధనముతో చేయునది విత్తజసేవ. ఈ రెండును చిత్తమును భగవత్ప్రవణముగా జేయుటకే; అట్టి చిత్తప్రవణతయే మానసీసేవ, అదియే ఉత్తమము. ధనమిచ్చి యితరులచే చేయించినంతమాత్రమున సేవ సిద్ధింపదని దీని తాత్పర్యము.

ఇట్టి సేవకు గృహమే క్షేత్రము. బ్రహ్మచారులుగా నుండదలచిన వల్లభులు పండరిపురమున విఠ్ఠలుని ఆజ్ఞచే వివాహమున కంగీకరించిరని చెప్పుదురు. మహాలక్ష్మిని పరిణయమాడి, ప్రయాగ సమీపమున గంగాయమునాసంగమమునకు ఆవలియొడ్డున నున్న అడేలు గ్రామమున గృహస్థులై నివసించిరి. వారికి గోపీనాథుడు, 1515లో జన్మించిన విఠ్ఠలనాథుడు అను ఇరువురు పుత్రులు కలిగిరి. బ్రహ్మసూత్రములకు అణుభాష్యము, తత్త్వార్థదీపనిబంధము, షోడశగ్రంథములు, భాగవతమునకు సుబోధినీవ్యాఖ్య వారి ముఖ్యకృతులు. వేదము, గీత, బ్రహ్మసూత్రములతోపాటు భాగవతమును నాలుగవ ప్రస్థానముగా నంగీకరించుట వారి విశేషము.

గృహస్థాశ్రమమున సేవను బోధించిన ఆచార్యులు తుదకు సన్న్యాసమును స్వీకరించిరి. ఇది బోధకు విరుద్ధము కాదా యను శంక సహజము. సన్న్యాసనిర్ణయమున వారే దీనికి సమాధానము నుంచిరి. కలియుగమున కర్మమార్గసన్న్యాసము తగదనియు, భక్తిసాధనకొఱకు చేయు సన్న్యాసము సైతము ఉచితము కాదనియు, భగవద్విరహానుభవమునకై ఇల్లు విడుచుట మాత్రమే ప్రశస్తమనియు వారి నిర్ణయము. అనగా త్యాగము భక్తికి ఉపాయము కాదు. పండిన భక్తికి ఫలము.

అంతఃకరణప్రబోధమున వారు తమ మనస్సునకే బోధ చేసికొనిరి. దేహదేశములను విడువుమని గంగాసాగరమునందును, మధువనమునందును రెండుసార్లు ఆజ్ఞ కలిగినను తాము నెఱవేర్పలేదని అందు నిష్కపటముగా ఒప్పుకొని, మూడవయాజ్ఞ లోకగోచరమగు పరిత్యాగమని తెలిపిరి. ఆచార్యపీఠమున నున్నవారు తమ లోపమును గ్రంథస్థము చేయుట అరుదు. ఆజ్ఞ ఒకవైపు, ముగియని వ్యాఖ్య ఒకవైపు. ఆ తొందరచేతనే సుబోధినియందు మొదటి మూడు స్కంధముల పిమ్మట దశమస్కంధమునకు వెడలిరని సాంప్రదాయికుల అభిప్రాయము. ఏకాదశస్కంధవ్యాఖ్య కొంతవఱకే సాగెను. అణుభాష్యమును విఠ్ఠలనాథులు పూరించిరి.

1531 ఆషాఢమున కాశియందు హనుమద్ఘట్టమున మౌనవ్రతమున నున్న ఆచార్యులు, కడసారి ఉపదేశము కోరిన పుత్రులకు ఇసుకపై వ్రాసి శ్రీకృష్ణుని విడువవలదని తెలిపి, గంగాప్రవాహమున ప్రవేశించి అంతర్హితులైరి. అప్పటికి వారికి సుమారు ఏబదిరెండేండ్లు. శ్రీనాథమూర్తి 1669లో వ్రజభూమిని వీడి, 1672లో మేవాడుదేశమున సింహాడ గ్రామమున ప్రతిష్ఠితమయ్యెను, అదియే నాథద్వారము.

అనుగ్రహము చేత బ్రతికిన శిశువుతో ఆరంభమైన ఈ చరిత్రమున పుష్టిశబ్దమునకు అర్థము గలదు. అడేలు గృహమున సేవాశబ్దమునకు అర్థము గలదు. హనుమద్ఘట్టమున సన్న్యాసశబ్దమునకు అర్థము గలదు. నిఘంటువులు పదములకు పర్యాయములనే యిచ్చును. అర్థము నిలుచుటకు దాని ననుష్ఠించిన జీవితము కావలయును. వెలనాటివారి యింట బుట్టిన ఈ ఆచార్యుని గ్రంథములు తెలుగుదేశపు పాఠశాలలయందును పఠనపాఠనములలో నుండుట సముచితము.