తరిగొండ వెంగమాంబ : నిందకు వెరవని కైంకర్యము

తిరుమల శ్రీవారి ఆలయమున రాత్రి ఏకాంతసేవ జరుగునప్పుడు తాళ్లపాకవారి లాలియు, తరిగొండవారి ముత్యాలహారతియు స్వామికి సమర్పింపబడుట భక్తులెరిగినదే. ఒక స్త్రీ పేరిట ఇట్టి కైంకర్యము తరతరములుగా నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. ఆమె రాజపత్ని కాదు, సిరిసంపదలు గలది కాదు. చిన్నవయసుననే భర్తను గోల్పోయి, లోకనిందకు గురియై, స్వామియే దిక్కని నమ్మిన తరిగొండ వెంగమాంబ.

సుమారు 1730వ సంవత్సరమున, వాయల్పాడు ప్రాంతమునందలి తరిగొండ గ్రామములో కృష్ణయ్య, మంగమాంబ అను దంపతులకు ఆమె జన్మించెను. ఆ గ్రామమున వెలసిన శ్రీ లక్ష్మీనృసింహస్వామి ఆమెకు చిన్ననాటినుండియు ఆరాధ్యదైవము. ఆనాటి ఆచారము ననుసరించి తండ్రి ఆమెకు బాల్యముననే వివాహము చేసెను. భర్త అకాలమరణము పొందెను. శ్రీ వేంకటేశ్వరుడే తన పతియని నిశ్చయించుకొనిన వెంగమాంబ శిరోముండనమునకు సమ్మతింపలేదు, సుమంగళీచిహ్నములను విడువలేదు. ఆచారమును మీరినదని లోకులు నిందించిరి. తండ్రి మాత్రము కుమార్తె హృదయమును గ్రహించి, మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిగారి సన్నిధికి చేర్చెను. అచట ఆమెకు ఆధ్యాత్మికోపదేశము లభించెను.

నిందించినవారితో వాదించుచు కూర్చున్నచో ఆమె జీవితకాలము అందులకే చాలకపోయెడిది. ఆమె గంటము చేపట్టెను. తనకు ఓనమాలు సైతము క్రమముగ నేర్పినవారు లేరని ఆమెయే తన గ్రంథమున వినయముతో చెప్పుకొనినది. వ్యాకరణము, ఛందస్సు చదివిన పండితులే తప్పు దొరలునేమో యని జంకెడి కార్యమది. వ్రాయుమని ఆమెను కోరినవారు లేరు. వ్రాసిన పిదప పరిహసింపగలవారు మాత్రము పలువురు. అయినను తరిగొండ నృసింహశతకముతో ఆమె రచన ఆరంభమైనది. పిమ్మట రాజయోగామృతసారము అను ద్విపదకావ్యము వెలువడెను.

గ్రామాలయమున ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ధ్యానమగ్నయైయున్న ఆమెను అర్చకుడొకడు అవమానించి వెలుపలికి ఈడ్చెనని పెద్దలు చెప్పుదురు. అంతట ఆమె జన్మస్థలమును విడిచి తిరుమల చేరెను. తాళ్లపాక వంశీయులు ఆమెను ఆదరించిరని ప్రసిద్ధి. కాని కొండపైనను ఆమెకు బాధలు తప్పలేదు. ఇరుగుపొరుగువారి వేధింపు సహింపరానిదై, ఆమె తుంబురుకోనకు వెడలిపోయెనని పరంపరగా వచ్చుచున్న కథనము. ఫాల్గుణ పౌర్ణమినాడు తుంబురుతీర్థ ముక్కోటికి పోయిన యాత్రికులకు ఆ చోటు ఎట్టిదో తెలియును. నిట్టనిలువు కొండచరియల నడుమ ఇరుకైన లోయ. చుట్టును శేషాచల కీకారణ్యము. పగటివేళ పలువురితో కూడి నడచుటయే కష్టమగు ఆ మార్గమున, వన్యమృగములు సంచరించు ఆ కోనలో, ఒంటరి స్త్రీ రాత్రులు గడపుట తలచుకొన్ననే ఒడలు గగుర్పొడుచును. ఆమె తన భయమును స్వామిపాదములకడ నుంచి తపస్సు సాగించెను.

తిరిగి తిరుమల చేరిన వెంగమాంబ తన్ను బాధించినవారిపై కినుక వహింపలేదు. ఆమె చేసినది రెండు విధములైన సేవ. మొదటిది వాక్కుతో చేసినది. స్థలపురాణ గాథలను తెలుగువారికి అందించిన శ్రీ వేంకటాచలమాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠరామాయణము, విష్ణుపారిజాతము మున్నగు గ్రంథములను ఆమె రచించెను. సంస్కృతమెరుగని గృహిణులు సైతము పద్మావతీపరిణయ కథను చదివి తరించుటకు ఆమె గ్రంథము తోడ్పడినది.

రెండవది అన్నముతో చేసినది. ఆ కాలమున కొండనెక్కుట మిక్కిలి శ్రమతో కూడినది. అలసి వచ్చిన యాత్రికుల ఆకలిని గాంచిన వెంగమాంబ, భక్తులొసగిన దానములను కూర్చి, నృసింహజయంతి ఉత్సవ సమయమున అన్నదానము జరిపించెను. ఒకనాడు తనకే నిలువనీడ కరవైన క్షేత్రమున ఆమె పరులకు పీటవేసి వడ్డించినది.

1817వ సంవత్సరమున ఆమె స్వామియందు ఐక్యము చెందెను. ఆమె బృందావనము తిరుమలలోనే కలదు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1985వ సంవత్సరమున నిత్యాన్నదాన పథకమును ఆరంభించిరి. 2011లో ప్రారంభింపబడిన విశాలమైన అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరే పెట్టిరి.

సత్కార్యము తలపెట్టి, నలుగురు ఏమందురో యని వెనుకాడు గృహస్థులు ఆ భవనమున ప్రసాదము స్వీకరించునప్పుడు ఆ తల్లిని ఒక్కమారు స్మరింతురుగాక. ఆమెను నిందించిన వారి పేర్లు నేడెవ్వరికిని జ్ఞప్తిలో లేవు. ఆమె పేరిట పంక్తి నిత్యము సాగుచునేయున్నది.