గర్భస్థశిశువును చూపిన వైద్యుడు: ఇయన్ డొనాల్డు

హైదరాబాదునుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోయే బాట ముసలి మర్రిచెట్లకు పేరుపొందినది. ఆ బాటవెంట పల్లెలనుండి అయిదవ నెల గర్భిణులు స్కానింగుకు వెళ్ళడం ఈనాడు వింత కాదు. వెలుతురు తగ్గించిన గదిలో వైద్యుడు శిశువు తలను తెరపై నిలిపి, మెదడులో ఒకచోట రెండు గుర్తులు పెట్టి వాటి నడిమి దూరం కొలుస్తాడు. అది పది మిల్లీమీటర్లకు లోపైతే తల్లి తేలికపడి ఇంటికి పోతుంది. మించితే ఆ రాత్రి ఆ ఇంట నిద్ర వుండదు. ఈ కొలతకు దారి తీసినవారిలో మొదట చెప్పుకోదగినవాడు ఇయన్ డొనాల్డు.

డొనాల్డు 1910 డిసెంబరు 27వ తేదీన, ఇంగ్లండులోని కారన్‌వాల్ సీమలో, స్కాట్లండు వైద్యుల వంశాన జన్మించాడు. బాల్యం స్కాట్లండులోనూ, కౌమారం దక్షిణాఫ్రికాలోనూ గడిచినవి. అక్కడనే కొద్ది నెలల తేడాతో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. లండనుకు తిరిగివచ్చి 1937లో వైద్యపట్టం పొందాడు. రెండవ ప్రపంచయుద్ధంలో వైమానికదళ వైద్యుడుగా వుండి, కూలి మండుతున్న విమానంలోనుండి మనుష్యులను బయటకు లాగినందుకు బిరుదు అందుకున్నాడు. అంతకంటె మన కథకు ముఖ్యమైనది మరొకటి వున్నది. రాడారూ, నీటిలోని జలాంతర్గాములను పసికట్టే సోనారూ ఎట్లా పనిచేస్తవో ఆ కొలువులోనే తెలుసుకున్నాడు.

1954లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతిశాస్త్రాచార్యుడైనాడు. ఆ రోజులలో గర్భంలో ఏమున్నదో తెలుసుకోవటానికి వైద్యునికి చేతిస్పర్శే ప్రధానాధారం. ఎక్స్‌రే శిశువుకు మంచిది కాదు. నగరం సమీపాన రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే కర్మాగారం వొకటి వుండేది. లోహపు అతుకులలో పగుళ్ళను అక్కడ అతిధ్వనులతో వెతికేవారు. చెవికి వినరాని ఆ ధ్వని లోహంలోకి పోయి, పగులు తగిలినచోట ప్రతిధ్వనిగా వెనక్కు వస్తుంది. 1955 జులై 21వ తేదీన డొనాల్డు శస్త్రచికిత్సలో తీసిన కణితులను రెండు కార్ల డిక్కీలలో వేసుకొని ఆ కర్మాగారానికి వెళ్ళాడు. పోలిక కొరకు కర్మాగారంవారు పెద్ద మాంసపు ముక్కను సిద్ధంచేశారు. గట్టి గడ్డా, నీటితిత్తీ వేర్వేరు ప్రతిధ్వనులిచ్చినవి.

తరువాతి సంవత్సరం టామ్ బ్రౌన్ అనే యువ ఇంజనీరు తానుగా టెలిఫోను చేసి ఆయనతో చేరాడు. జాన్ మెక్‌వికార్ అనే వైద్యుడు మూడవవాడు. తోటివారు నవ్వారు. ఆ నవ్వును ఆపినది వొక రోగిణి కథ. ఆమెకు కడుపులో నయంకాని పుట్టకురుపనీ, పొట్ట ఉబ్బినది అందువల్లనేననీ పెద్దలు తేల్చివేశారు. డొనాల్డు యంత్రం మాత్రం అక్కడ వొక పెద్ద నీటితిత్తి వున్నట్లు చూపినది. ఆయన కోసి చూడగా అది అండాశయపు తిత్తే! దానిని తీసివేశాడు, ఆమె బ్రతికినది. 1958 జూన్ 7వ తేదీన ముగ్గురి పేరా లాన్సెట్ పత్రికలో వ్యాసం వెలువడినది.

ఇక కొలతలు మొదలైనవి. శిశువు కపాలపు రెండు వైపులనుండి వచ్చే ప్రతిధ్వనుల మధ్య కాలం తెలిస్తే తల వెడల్పు తెలుస్తుంది. వారం వారం కొలిస్తే పెరుగుదల తెలుస్తుంది. తొలి నెలలలో గర్భాశయం కటి ఎముకల చాటున వుండి కనిపించదు. మూత్రాశయం నిండి వుంటే దానిలోగుండా చూడవచ్చునని ఆయన బృందం 1963 నాటికి గ్రహించినది. మన స్త్రీలు తొలినెలల స్కానింగుకు ముందు నీళ్ళు త్రాగి వరుసలో కూర్చోవటం అందుకే. 1968లో, అదే గ్లాస్గోలో, స్టూవర్ట్ కాంప్‌బెల్ మెదడు నడిమి గీతను ఆధారంగా పెట్టుకొని తల కొలతను మరింత కచ్చితం చేశాడు.

డొనాల్డు ఎర్రజుట్టువాడు, ముక్కోపి, దైవభక్తుడు. గుండెజబ్బుతో పలుమార్లు శస్త్రచికిత్సకు లోనైనా పని మానలేదు. 1967లో బ్రిటనులో గర్భస్రావచట్టం వచ్చినప్పుడు దానిని గట్టిగా ఎదిరించాడు. గర్భంలో కదలాడే శిశువు చిత్రాలను సభలలో చూపేవాడు. లోపమున్న శిశువును వెతికి తొలగించటానికి తన యంత్రమే సాధనం కావటం ఆయనను నొప్పించినది. ఆయన వాదమంతా అంగీకరించనక్కరలేదు, కాని ఆ నొప్పి మనకు పరాయిది కాదు. ఆడపిల్లను ముందే పసికట్టి వదిలించుకొనేవారిని ఆపటానికి మన దేశంలో 1994లో చట్టమే చేయవలసివచ్చినది. లింగనిర్ధారణ ఇక్కడ చేయబడదనే బోర్డు ప్రతి స్కానింగుగదిలోనూ వుండితీరాలి.

మెదడులోని గదులు మస్తిష్క మేరుద్రవంతో నిండివుంటవి. ద్రవం పోయే దారి మూసుకొంటే అవి ఉబ్బుతవి. పదికి కొద్దిగా మించి, వేరే లోపమేదీ లేకపోతే ఎక్కువమంది పిల్లలు మామూలుగానే పెరుగుతారు. పదిహేను దాటితేనే భయం హెచ్చు. అందుకే వైద్యులు వెంటనే తీర్పు చెప్పక, కొన్ని వారాలకు మళ్ళీ రమ్మంటారు.

డొనాల్డు 1976లో పదవీవిరమణ చేసి, ఎసెక్స్‌లోని పాగిల్‌షామ్ పల్లెలో 1987 జూన్ 19వ తేదీన మరణించాడు. పక్క గది వెడల్పు సగటున 7.6 మిల్లీమీటర్లనీ, పది దాటితే పరిశీలించవలెననీ అమెరికా వైద్యులు ప్రకటించినది ఆ మరుసటి ఏట.