చీరకు మార్కులేసిన లోకం

మొన్న ఆదివారం మా గూడూరులో పొద్దంతా ముసురే. వంటా వార్పూ ముగించుకుని నేనూ, ఇంటర్ చదివే మా అమ్మాయీ టీవీ ముందు కూర్చున్నాం. బట్టల డిజైనింగ్ పోటీ వస్తోంది. కుట్టినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే, జడ్జీలు ఒక గౌను మెడ బాగాలేదనీ, ఇంకోదానికి కుచ్చిళ్లు ఎక్కువయ్యాయనీ తేల్చేస్తున్నారు. మా అమ్మాయి వాళ్లకంటే ముందే మార్కులు వేసేస్తోంది. మూలన కుట్టుమిషను తొక్కుతున్న మా వదినె, అంటే మా ఆయన అక్క, ఒకసారి తల ఎత్తి చూసి, ఆ గౌనుకు చంక దగ్గర గుడ్డ తక్కువ పెట్టారు, అందుకే లాగుతోందని చెప్పింది. కాసేపటికి జడ్జీలూ అదే అన్నారు!

ఆ మార్కుల గోల వింటుంటే నాకు నిలోఫర్ గుర్తొచ్చింది. బతికున్నన్నాళ్లూ లోకం ఆమె కట్టిన చీరకు మార్కులు వేస్తూనే ఉంది మరి.

నిలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. తల్లి టర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తానుల వంశం. పసితనంలోనే తండ్రి పోయాడు. 1924లో ఆ రాజవంశాన్ని దేశం నుంచి వెళ్లగొడితే, తల్లీకూతుళ్లు ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం చేరారు. 1931 నవంబరులో అక్కడే ఆమెకు పెళ్లయింది. వరుడు మన ఏడవ నిజాం రెండో కొడుకు మొజ్జం జా. అదే రోజు పెద్ద కొడుకు ఆజం జాకు దుర్రు షెహ్వార్‌తో పెళ్లి జరిగింది. అప్పటికి నిలోఫర్‌కు నిండా పదహారేళ్లు లేవు. మా అమ్మాయి ఈడు కూడా కాదన్నమాట!

భాష రాని ఊరు, పరదాల అంతఃపురం. అయినా ఈ తోడికోడళ్లిద్దరూ పరదా పాటించలేదు. నిలోఫర్ మన చీరను తన సొంతం చేసుకుంది. పలుచని బట్ట మీద చేతి కుట్టుపని నింపిన ఆమె చీరలు బొంబాయిలో మాధవదాస్ దగ్గర తయారయ్యేవి. ఎక్కడికి వెళ్లినా చీరలోనే వెళ్లేది. ప్రపంచంలోని అందగత్తెల్లో ఒకరని పత్రికలు రాశాయి. సినిమా అవకాశాలూ వచ్చాయి, ఆమె ఒప్పుకోలేదు. ఆ చీరల్లో కొన్ని న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చేరాయి.

కానీ ఆ చీర కట్టుకున్న మనిషికి పిల్లలు కలగలేదు. ఎందరు డాక్టర్లకు చూపించుకున్నా లాభం లేకపోయింది. 1948లో భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1952లో విడాకులయ్యాయి.

నన్ను కదిలించింది మాత్రం ఇంకో సంగతి. ఆమె దగ్గర పనిచేసే రఫతున్నీసా అనే ఆమె కాన్పు కష్టమై చనిపోయింది. ఇలా ఇంకే తల్లీ పోకూడదని నిలోఫర్ పట్టుబట్టింది. మామగారు నిజాం ఒప్పుకున్నారు. అలా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో తల్లీపిల్లల కోసం కట్టిన దవాఖాన 1953లో మొదలైంది. అప్పటికి ఆమె ఆ ఇంటి కోడలు కాదు. పేరు మాత్రం ఆమెదే నిలిచింది. తర్వాత పారిస్‌లో స్థిరపడి, 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్లాడింది. 1989లో అక్కడే కన్నుమూసింది.

మా బాబు పుట్టిన పదో రోజున కామెర్లు ముదిరితే వరంగల్ నుంచి నిలోఫర్‌కే తీసుకెళ్లాం. పచ్చి బాలింతను, నాకు లేచి నిలబడే ఓపిక లేదు. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని వారం రోజులు ఆ వరండాలో కూర్చున్నది మా వదినె. ఆమెకు పిల్లలు లేరు. ఊళ్లో ఎవరి శ్రీమంతమైనా జాకెట్టు ఆమే కుట్టాలి. కుట్టు బాగుందని అందరూ మెచ్చుకుంటారు. గాజులు తొడగడానికి మాత్రం ఎవరూ పిలవరు. ఆ పూట ఆమె మిషను దగ్గరే ఉండిపోతుంది.

ఆ సాయంత్రం నిలోఫర్ కథంతా వదినెకు చెప్పాను. వారం రోజులున్న దవాఖానకు ఒక ఆడమనిషి పేరని ఆమెకు అప్పటిదాకా తెలియదట. ఆమెకు పిల్లలు లేరా అని రెండుసార్లు అడిగింది. తర్వాత సూదిలో దారం ఎక్కించుకుని పనిలో పడింది.

వచ్చే నెల మా చెల్లెలి శ్రీమంతం. మొదటి గాజు వదినె చేతే తొడిగించాలని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఇంకా సరే అనలేదు. నేనూ వదలదలుచుకోలేదు.